ఎథిక్స్‌కి శాఖలెన్ని? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీఏ ఫిలాసఫీ చదువుతున్నాను. ఒక పుస్తకంలో ఎథిక్స్‌కి మూడు శాఖలని ఉంది. ఇంకో దాంట్లో నాలుగన్నారు. బజార్లో కొన్న గైడులో వైద్య నీతి, వ్యాపార నీతి, పర్యావరణ నీతి కూడా కలిపి ఏడు రాశారు. పరీక్షలో ఏది రాయాలండీ?
– డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: మూడు రాసినా నాలుగు రాసినా మార్కులు పోవమ్మా. ఏడు రాస్తే మాత్రం పోతాయి.

ఒక శాఖ ఏ వస్తువు గురించి మాట్లాడుతోందో చూస్తే దాన్ని గుర్తుపట్టలేం. అది ఏ ప్రశ్న అడుగుతోందో చూడాలి. మీ జిల్లా విషయమే తీసుకోండి. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించడంతో పైకొచ్చిన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ సారా గురించే నాలుగు రకాల ప్రశ్నలు వేయొచ్చు.

సారా తాగడం తప్పని ఊళ్లో ఎవరెవరు అనుకుంటున్నారు? ఆడవాళ్లూ మగవాళ్లూ ఒకే కారణం చెబుతున్నారా? ఇది జనం నమ్మకాలను ఉన్నవి ఉన్నట్టు నమోదుచేసే పని. దీన్ని వర్ణనాత్మక నీతిశాస్త్రం, అంటే డిస్క్రిప్టివ్ ఎథిక్స్ అంటారు. ఊరూరా తిరిగి అడిగి రాసుకునే ఈ పని ఎక్కువగా సామాజిక శాస్త్రం, మానవ శాస్త్రం వాళ్లు చేస్తారు. అందుకే కొందరు రచయితలు దీన్ని ఫిలాసఫీ లెక్కలోకి తీసుకోరు. మీ రెండు పుస్తకాలకు మధ్య ఉన్న తేడా ఇదొక్కటే.

తాగడం తప్పు అనడానికి కొలబద్ద ఏమిటి? ఇంటికి, ఒంటికి వచ్చే నష్టమా? మనిషి తన పట్ల, ఇతరుల పట్ల పాటించాల్సిన విధి తప్పడమా? మనిషి గుణమే పాడైపోవడమా? ఇది ప్రమాణాలు వెతికే నార్మేటివ్ ఎథిక్స్. ఫలితాన్ని కొలిచే దారిని 1789లో బెంథామ్ ఒక పద్ధతిగా నిలబెట్టాడు. విధిని ముందు పెట్టే దారికి 1785లో కాంట్ పునాది వేశాడు. గుణాన్ని చూసే దారి అరిస్టాటిల్ నాటిది. అది మధ్యలో వెనకబడి, 1958లో ఎలిజబెత్ ఆన్స్‌కమ్ రాసిన వ్యాసం తర్వాత మళ్లీ చర్చలోకి వచ్చింది.

అసలు 'తప్పు' అన్నప్పుడు మనం లోకంలో ఉన్న ఒక నిజాన్ని చెబుతున్నామా, మన అయిష్టాన్ని బయటపెడుతున్నామా? రుజువు చేయగలమా? ఇది మెటా ఎథిక్స్. ఈ పేరుతో 20వ శతాబ్దంలో సాగిన చర్చకు 1903లో జి.ఇ. మూర్ వేసిన ప్రశ్నలు ఆరంభం. దాని వేర్లు 1739–40లో హ్యూమ్ రాసిన దాంట్లో ఉన్నాయి. 'ఇలా ఉంది' అన్న వాక్యాలను ఎన్ని పేర్చినా 'ఇలా ఉండాలి' అన్న వాక్యం వాటంతట అదే పుట్టదని ఆయన గుర్తుచేశాడు.

ఇక నాలుగోది. ఖజానాకు రాబడి పోయినా సరే, సర్కారు అమ్మకం ఆపాలా? తాగేవాడి ఇష్టాన్ని చట్టం ఎంతవరకు కాదనొచ్చు? నిషేధం పెడితే దొంగసారా కాసేవాళ్లు పెరుగుతారని తెలిసీ పెట్టొచ్చా? ఒక ఫలానా సమస్య మీద నిర్ణయం అడిగే ఈ శాఖ అప్లైడ్ ఎథిక్స్, అనువర్తిత నీతిశాస్త్రం.

మీ గైడు పొరపాటు ఇక్కడే ఉంది. వైద్య నీతి, వ్యాపార నీతి, పర్యావరణ నీతి మూడూ ఈ నాలుగో శాఖకు ఉపశాఖలు. వాటిని నార్మేటివ్, మెటా పక్కన నిలబెట్టడం రాష్ట్రాల జాబితాలో జిల్లాల పేర్లు కలిపి రాసినట్టే. విభజనలో మెట్టు దాటకూడదు. ఒక మెట్టులో ఒకే ఆధారం ఉండాలి. మొదటి మెట్టుకు ఆధారం ప్రశ్న రకం, రెండో మెట్టుకు ఆధారం సమస్య వచ్చిన రంగం. ఈ రెండు వాక్యాలు జవాబు మొదట్లోనే రాసి, శాఖకొక ప్రశ్న చొప్పున ఉదాహరణ ఇవ్వండి. దిద్దేవాళ్లకు మీరు బట్టీ పట్టలేదని తెలిసిపోతుంది. ఉదాహరణ మాత్రం నాలుగింటికీ ఒకటే పెట్టుకోండి. నాలుగు ఉదాహరణలు రాస్తే శాఖల మధ్య తేడా కనిపించదు, ఉదాహరణల మధ్య తేడానే కనిపిస్తుంది.

ఇంకో జాగ్రత్త. 'ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు కాబట్టి ఇది ఒప్పే' అని మాత్రం రాయకండి. అది మొదటి శాఖలోంచి రెండో దాంట్లోకి చెప్పకుండా దూకడం. హ్యూమ్ పట్టుకున్న తప్పు అదే.


ప్రశ్న: సివిల్స్‌కి తయారవుతున్నాను. ఎథిక్స్ పేపర్ కేస్ స్టడీలు రాసేటప్పుడు ఈ శాఖల గోలతో పని ఉంటుందా? మా కోచింగ్‌లో సిద్ధాంతం వేరు, కేస్ వేరు అంటారు.
– సివిల్స్ అభ్యర్థి, కావలి

జవాబు: పేర్లతో పని లేదు, వరసతో ఉంది. ఈ పేపర్ 2013లో మెయిన్స్‌లోకి వచ్చింది. 250 మార్కులు, 3 గంటలు. ఇటీవలి పేపర్లలో కేస్ స్టడీలు 6 వస్తున్నాయి, ఒక్కోదానికి 20 మార్కులు. మార్కుల లెక్కన పంచుకుంటే ఒక కేస్‌కి మీకు దక్కేది సుమారు 14 నిమిషాలు.

మీకు దగ్గరి కేస్ ఒకటి అనుకుందాం. మీరు మత్స్యశాఖ అధికారి. ఒక సన్నకారు రైతు రొయ్యల గుంటలో నిషేధించిన క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ మందు వాడాడని తెలిసింది. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టడం, రెండు రోజుల్లో ఉంది. నమూనా తీస్తే పంట పోతుంది, రైతు అప్పుల్లో కూరుకుపోతాడు. తీయకపోతే సరుకు ఎగుమతికి పోతుంది. పైనుంచి ఒక నాయకుడు 'చూసీ చూడనట్టు పోండి' అంటున్నాడు.

మొదట నిజాలు రాయాలి, తీర్పులు కాదు. ఆ మందు ఎందుకు నిషేధం? మనుషుల్లో అరుదుగానే అయినా ఎముక మజ్జ రక్తకణాల తయారీని మానేసే జబ్బు తెస్తుంది. ఇంత లోపు ఉంటే ఫరవాలేదని చెప్పగల మోతాదే తేల్చలేకపోయారు. అందుకే ఆహారంలో దానికి సడలింపు లేదు. రైతు ఎందుకు వాడాడు? బహుశా తెల్లమచ్చ వచ్చిందని భయపడి ఉంటాడు. అది వైరస్ జబ్బు. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది కాబట్టి ఆ ఖర్చు కూడా గుంటలో పోసినట్టే. ఈ రెండు వాక్యాలు రాయగలిగితే రైతును దొంగగా చూడకుండానే తప్పును తప్పని చెప్పే దారి దొరుకుతుంది. ఎక్కువమంది ఈ భాగం వదిలేసి నేరుగా 'నిజాయితీ, నిబద్ధత, కరుణ' అని విలువల జాబితా మొదలుపెడతారు.

తర్వాత ఢీకొంటున్నవి ఏవో తేల్చాలి. ఇక్కడ రైతు బతుకు ఒకవైపు, తినేవాళ్ల ఆరోగ్యం ఒకవైపు. మిగతా రైతులు మరచిపోకూడని మూడో పక్షం, ఒక కంటైనర్ వెనక్కి వస్తే తనిఖీలు అందరికీ బిగుస్తాయి. నాయకుడి ఒత్తిడి వీటితో సమానమైన పక్షం కాదు. దాన్ని విలువల ఘర్షణలో చేర్చకండి, అది అడ్డంకి మాత్రమే.

అప్పుడు మూడు దారులు రాసి, ఒకటి ఎంచుకుని, ఏ కొలబద్దతో ఎంచుకున్నారో ఒక్క వాక్యంలో చెప్పండి. నమూనా తీయడం, పట్టుబడి ఆపించడం, మందు అమ్మిన దుకాణం మీద చర్య, రైతుకు బ్యాంకు గడువు పొడిగింపు కోసం సిఫారసు, ఆ చుట్టుపక్కల గుంటల రైతులకు తెల్లమచ్చ గురించి సమావేశం. ఇలా అమలు చేసే క్రమం ఉండాలి. కాంట్, గాంధీ, బెంథామ్ ముగ్గురినీ పిలిచి ఎవరి మాటా వినకుండా ముగించే జవాబులకు మార్కులు తక్కువే వస్తాయి. కొలబద్దలు మూడూ (ఫలితం, విధి, గుణం) తెలిసి ఉండాలి, జవాబులో ఒకటే పనిచేయాలి. అది కాదన్న దాన్ని ఎందుకు కాదన్నారో అరవాక్యం చాలు.


ప్రశ్న: ఏఐ ఎథిక్స్ అంటున్నారు. కొత్త శాఖేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, ఒంగోలు

జవాబు: ప్రస్తుతానికి అప్లైడ్ ఎథిక్స్‌లో ఒక ఉపశాఖ. ఉపశాఖ గట్టిపడాలంటే సొంత ప్రశ్నలతో పాటు సొంత నియమాలు, వాటిని అమలు చేసే కమిటీలు కావాలి. వైద్య నీతికి మనుషుల మీద ప్రయోగాలకు హద్దులు పెట్టిన 1947 న్యూరెంబర్గ్ నియమావళి, 1979లో అమెరికాలో వచ్చిన బెల్మంట్ నివేదికలోని మూడు సూత్రాలు (వ్యక్తి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం) అలా దొరికాయి. మన దేశంలో మనుషుల మీద పరిశోధన చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాల్సిందే. ఏఐకి నియమాల పత్రాలు చాలానే వచ్చాయి. కాదు పొమ్మనే అధికారం ఉన్న కమిటీలే తక్కువ.


ప్రశ్న: మా ఊరి యువజన సంఘం తరఫున ఒక చిన్న గ్రంథాలయం పెట్టాం. సుమారు 600 పుస్తకాలు చేరాయి. డ్యూయీ పద్ధతిలో సర్దుదామంటే సారా ఉద్యమం మీద పుస్తకం ఎక్కడ పెట్టాలో కూడా తేలడం లేదు. ఒకే విషయానికి అన్ని నంబర్లేంటి?
– ఉపాధ్యాయుడు, ఉదయగిరి

జవాబు: డ్యూయీ పట్టిక పుస్తకాలను విషయాన్ని బట్టి కాకుండా శాస్త్రాన్ని బట్టి విడదీస్తుంది. అందుకే అన్ని నంబర్లు. మద్యం తాగడం మంచిదా చెడ్డదా అనే చర్చ 178లో ఉంటుంది. తాగుడుకు బానిసైనవాళ్లకు సాయం 362. అమ్మకం మీద అదుపు 363. ఒంటికి జరిగే హాని 613. సారా, బీరు తయారీ 663. విడిపోయిన వాటిని ఒకచోట చూపడానికే పట్టిక చివర సూచిక ఉంటుంది. 'మద్యం' అని వెతికితే ఈ నంబర్లన్నీ అక్కడ వరసగా దొరుకుతాయి. మీ పుస్తకం ఉద్యమ చరిత్ర చెబుతోందా, నిషేధ విధానాన్ని చర్చిస్తోందా? పేరు చూసి తేల్చకండి. విషయసూచిక, ముందుమాట చదివి, ఎక్కువ పుటలు ఏ ప్రశ్నకు ఇచ్చారో ఆ నంబరు వేయండి. రెండో విషయానికి కార్డు మీద గానీ కంప్యూటర్ జాబితాలో గానీ 'అది కూడా చూడండి' అని రాస్తే సరిపోతుంది.

ఈ పట్టికను 1876లో మెల్విల్ డ్యూయీ అచ్చువేశాడు. 10 ప్రధాన వర్గాలు, ఒక్కోదాంట్లో 10 విభాగాలు, వాటిలో మళ్లీ పదేసి. ఆనాటి అమెరికా కాలేజీ చదువు ఎలా ఉందో దాంట్లో అచ్చంగా కనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రం 150లో, అంటే 160 తర్కానికీ 170 నీతిశాస్త్రానికీ పక్కన, ఫిలాసఫీ ఇంట్లోనే ఉండిపోయింది. లైప్‌జిగ్‌లో వుంట్ తన ప్రయోగశాల పెట్టి దాన్ని ప్రయోగశాస్త్రంగా నిలబెట్టింది 1879లో, పట్టిక వచ్చిన మూడేళ్లకు. 200 మతాల వర్గంలో బైబిలు, క్రైస్తవం 220 నుంచి 280 దాకా పరుచుకుంటే, హిందూమతం మొత్తం 294.5లో ఇరుక్కుంది. అప్పటికి లేని కంప్యూటర్లకు తర్వాత 004, 005, 006లో చోటు చూశారు. కాబట్టి నంబర్లను చిరునామాలుగా వాడుకోండి. జ్ఞానం నిజంగా అలాగే విడిపోయి ఉందని నమ్మక్కర్లేదు.

600 పుస్తకాలకు మూడంకెల నంబరు చాలు, చుక్క తర్వాత అంకెలు వద్దు. మినహాయింపు తెలుగు సాహిత్యం. దాని నంబరు 894.827. కవిత్వానికి చివర 1, నాటకానికి 2, కథ, నవలలకు 3 చేరుతుంది. మీ దగ్గర సగానికి పైగా పుస్తకాలు ఇవే అయ్యుంటాయి, అంత పొడుగు నంబరు పుస్తకం వెన్ను మీద పట్టదు. స్థానిక సాహిత్యానికి పొట్టి గుర్తు పెట్టుకునే వెసులుబాటు ఆ పద్ధతిలోనే ఉంది. 'తె 1', 'తె 3' అని పెట్టుకుని, గోడ మీద వివరం అంటించండి. లేబుల్ వెన్ను కింది అంచు నుంచి అంగుళం, అంగుళంన్నర పైన అన్నింటికీ ఒకే ఎత్తులో ఉండాలి. పై వరసలో నంబరు, కింది వరసలో రచయిత ఇంటిపేరు మొదటి మూడక్షరాలు. ప్రతి అరలో మూడో వంతు ఖాళీ వదలండి. నిండా సర్దితే, కొత్త పుస్తకాలు వచ్చిన ప్రతిసారీ అన్ని అరలూ జరపాల్సి వస్తుంది. చాలా చిన్న గ్రంథాలయాల్లో వర్గీకరణ మూలపడేది ఇందుకే.

మన గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి కోలన్ వర్గీకరణ పద్ధతి వాడొచ్చా అని కూడా అడిగారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేస్తూ 1933లో ఆయన వెలువరించిన ఆ పద్ధతి మా దృష్టిలో తెలివైనది. ముందే గీసిన గళ్లలో పుస్తకాన్ని కుక్కకుండా, విషయాన్ని అయిదు పార్శ్వాలుగా విప్పుతుంది. ప్రధాన వస్తువు, పదార్థం, జరుగుతున్న పని, చోటు, కాలం. మీ సారా పుస్తకంలో 'నెల్లూరు', '1990లు' కూడా నంబరులోకి వచ్చేస్తాయి. కానీ నంబరు కట్టడానికి శిక్షణ కావాలి, పాఠకుడికి చదవడం కష్టం. మీ గ్రంథాలయానికి వద్దు.


ప్రశ్న: ఈ విభజనలన్నీ పడమటి వాళ్లవే చెబుతున్నారు. మన శాస్త్రాల్లో లేవా? ఆపద్ధర్మం అంటే అప్లైడ్ ఎథిక్సే కదా?
– విశ్రాంత తెలుగు పండితుడు, కోవూరు

జవాబు: లేకేమండీ, వాటి మీద పోట్లాట కూడా ఉంది. అసలు విద్యలెన్ని అన్న ప్రశ్నతోనే కౌటిల్యుడు తన అర్థశాస్త్రం మొదట్లో వాదానికి దిగాడు. మనువు వర్గం వాళ్లకు త్రయి (మూడు వేదాలు), వార్త (సేద్యం, పశుపోషణ, వ్యాపారం), దండనీతి (రాజ్యపాలన) మూడే. బృహస్పతి వర్గానికి వార్త, దండనీతి రెండే. శుక్రుడి వర్గానికి దండనీతి ఒక్కటే. కౌటిల్యుడు వీటికి ముందు ఆన్వీక్షికిని, అంటే తర్కంతో విచారించే విద్యను, చేర్చి నాలుగన్నాడు. సాంఖ్యం, యోగం, లోకాయతం దాని కిందికి వస్తాయని, మిగతా మూడింటి బలాబలాలు తూచేది అదేనని ఆయన వాదన. వేదాలు నాలుగు, అంగాలు ఆరు, పురాణం, న్యాయం, మీమాంస, ధర్మశాస్త్రం కలిపి పద్నాలుగు విద్యలన్న లెక్క యాజ్ఞవల్క్య స్మృతిది. ఆ స్మృతే ధర్మాన్ని ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు అధ్యాయాలు చేసింది. చేయవలసింది, తగాదా వస్తే తేల్చేది, తప్పు జరిగాక సరిదిద్దేది.

శాంతిపర్వం సంగతి నెల్లూరు సీమ వాళ్లకు వేరే చెప్పాలా? 13వ శతాబ్దంలో మనుమసిద్ధి ఆస్థానంలో ఉండి తిక్కన తెనిగించిన పదిహేను పర్వాల్లో అదీ ఒకటి. మూలంలో అందులోని ధర్మచర్చ రాజధర్మం, ఆపద్ధర్మం, మోక్షధర్మం అని మూడు పాయలు. ఇక్కడ ఆధారం ప్రశ్న రకం కాదు, మనిషి ఉన్న స్థితి. పాలనలో ఉన్నాడా, ఆపదలో ఉన్నాడా, విడుదల కోరుతున్నాడా?

అందుకే ఆపద్ధర్మాన్ని అప్లైడ్ ఎథిక్స్‌తో సమానం చేయడం మాకు సమ్మతం కాదు. మామూలు నియమం ఎప్పుడు సడలుతుంది, ఎంతవరకు సడలుతుంది అని చెప్పేది ఆపద్ధర్మం. అది నియమాల గురించిన నియమం. ఆధునిక పట్టికలో దానికి చోటు చూడాల్సే వస్తే నార్మేటివ్ కిందే చూడాలి. వేర్వేరు ఆధారాల మీద చేసిన రెండు విభజనలను గడికి గడి అతికిస్తే రెండూ చెడతాయి.


ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లల చేత 'శాస్త్రాలు–శాఖలు' అని చెట్టు బొమ్మ గీయిస్తున్నాను. 'మన నీళ్లలో ఫ్లోరైడ్ ఏ కొమ్మ మీద రాయాలి సార్' అని ఒక పిల్లవాడు అడిగాడు. ఏం చెప్పాలి?
– సైన్స్ టీచర్, కనిగిరి

జవాబు: ఆ పిల్లవాడు చెట్టు బొమ్మలోని లోపం పట్టుకున్నాడు. చెట్టులో ఒక ఆకు ఒకే కొమ్మకు ఉంటుంది. సమస్యలు అలా ఉండవు.

ఫ్లోరైడ్‌నే చూడండి. అది రాతిలోని ఖనిజాల నుంచి వచ్చింది కాబట్టి భూగర్భ శాస్త్రం. నీళ్లలో కాల్షియం తక్కువ, బైకార్బొనేట్ ఎక్కువ ఉన్నచోట అది ఎక్కువ కరుగుతుంది, కనుక రసాయన శాస్త్రం. పళ్ల మీద గార, ఆ తర్వాత ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం వైద్యం. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు అన్నది భారత ప్రమాణాల సంస్థ నియమం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే నల్గొండ పద్ధతి ఇంజినీరింగ్. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా గురించే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి మీ ప్రాంతం అందులోకి వచ్చింది. పాత లెక్కలు వెతకాలంటే ఈ సంగతి తెలియాలి, అది చరిత్ర.

చెట్టు బొమ్మ గీయించాలనే ఉంటే ఒక నియమం పెట్టండి. ఒక కొమ్మ చీలేచోట ఒకే ఆధారం ఉండాలి, దాన్ని ఆ చీలిక దగ్గర ఎర్ర పెన్నుతో రాయాలి. వైద్యం కొమ్మ దగ్గర పిల్లలు తప్పకుండా తడబడతారు. పిల్లల వైద్యం వయసును బట్టి, గుండె వైద్యం అవయవాన్ని బట్టి, సర్జరీ చేసే పనిని బట్టి ఏర్పడ్డాయి. మరి పసిబిడ్డ గుండెకు ఆపరేషన్ ఎక్కడ రాయాలి? మన తర్కంలో దీన్నే సాంకర్యం అంటారు. ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లోనూ ఇదే కలగలుపు ఉంది. కౌమారభృత్యం వయసును బట్టి, శాలాక్యం మెడకు పైనున్న అవయవాలను బట్టి, శల్యం శస్త్రాన్ని బట్టి, అగదతంత్రం విషమనే కారణాన్ని బట్టి వచ్చాయి. తర్కానికి ఇది తప్పే, ఆస్పత్రికి మాత్రం ఇదే సౌకర్యం. రోగి ఏ గదికి పోవాలో తెలిస్తే వాళ్లకు చాలు. పిల్లలకు ఈ తేడా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

మా సలహా అడిగితే, చెట్టు పక్కనే ఒక గళ్ల పట్టిక కూడా వేయించండి. అడ్డవరసల్లో మూడు సమస్యలు: ఫ్లోరైడ్, చీమకుర్తి క్వారీల దుమ్ము, పొగాకు. నిలువు వరసల్లో అయిదు శాస్త్రాలు, ఆరోది నీతిశాస్త్రం. ప్రతి గడిలో పేరు కాకుండా ఒక ప్రశ్న రాయించాలి. గడిలో ప్రశ్న రాయలేకపోతే ఆ శాస్త్రానికి ఆ సమస్యతో సంబంధం లేదన్నమాట, అడ్డగీత కొట్టేయొచ్చు. ఆరో వరస దగ్గర 'ఫ్లోరైడ్ చెడ్డది' లాంటి వాక్యాలు వస్తాయి, వాటిని ఒప్పుకోకండి. 'శుద్ధి చేసిన నీళ్ల డబ్బా కొనలేని ఇంటికి ఎవరు నీళ్లివ్వాలి, ఎవరి ఖర్చుతో' అన్నంత నిక్కచ్చిగా ఉంటేనే అది నీతిశాస్త్రం ప్రశ్న. ముప్పై మంది తరగతిని ఆరు జట్లు చేసి జట్టుకొక నిలువు వరస ఇస్తే రెండు పీరియడ్లు పడుతుంది. రెండో పీరియడ్లో జట్లు వరసలు మార్చుకుని ఒకరివి ఒకరు దిద్దాలి.